ఉతక్కూడని కుక్క

లాండ్రీ అక్కకి మురికి వస్తువు కంటబడితే చెయ్యి ఊరుకోదు. బట్టలంటే సరే, అది ఆమె పని. కానీ కొట్టుకి వచ్చినవాళ్లు టోపీ తీసి బల్ల మీద పెట్టినా, వాళ్లతో కబుర్లాడుతూనే దాని అంచుకి సబ్బు రాసేస్తుంది. ఒకసారి కొరియర్ మనిషి తన సంచీని బల్ల మీద వదిలి ఎదురు దుకాణానికి వెళ్లొచ్చేసరికి అది తీగ మీద నీళ్లోడుతూ వేలాడుతోంది.

"లోపలివన్నీ తీసి పక్కన పెట్టాన్లే, కంగారు పడకు. అసలు అది నీళ్ల మొహం చూసి ఎన్నేళ్లయింది?" అని ఎదురు అడిగింది తప్ప, తన తప్పేమైనా ఉందన్న అనుమానమే ఆమెకి రాలేదు.

అలాంటి మనిషి నెత్తిన ఒక బాసెట్ హౌండ్ వచ్చి పడింది.

పెద్ద కుక్కని తయారు చేస్తూ ఉండగా కాళ్ల దగ్గరికొచ్చేసరికి సరుకు అయిపోతే ఎలా ఉంటుందో, బాసెట్ హౌండ్ అలా ఉంటుంది. వెడల్పాటి ఛాతీ, పొడుగాటి నడుము, దుంగల్లాంటి పొట్టి కాళ్లు, నేలని ఊడ్చే చెవులు. ఇంట్లో ఎవరో పోయినట్టు మొహం. ఒంటి మీద చర్మం ఒక సైజు పెద్దది కుట్టించినట్టు మెడ దగ్గరా నుదుటి మీదా మడతలు పడి వేలాడుతుంది. ఇస్త్రీ మీద బతికే ఇంట్లో అన్ని ముడతలతో ఒక ప్రాణి తిరగడమే అక్కకి మొదటి అవమానం.

దాన్ని తెచ్చింది తమ్ముడు. పిల్లలు మారాం చేశారని కొన్నాడు. కొత్త ఫ్లాట్లో కుక్కల్ని ఉండనివ్వరని తెలిశాక పరుపుతో సహా తెచ్చి అక్క కొట్టు వాకిట్లో దించాడు.

"రెండు వారాలే అక్కా. ఇల్లు చూసుకోగానే తీసుకెళ్లిపోతా."

"ఏ ఇల్లు? నువ్వు మొన్ననే కదరా ఇల్లు మారింది?"

"అదే... ఇంకో ఇల్లు."

తమ్ముడి కారు మలుపు తిరిగాక గాని ఆ జవాబులో పస లేదని ఆమెకి వెలగలేదు. అప్పటికే కుక్క కొట్టు గుమ్మానికి అడ్డంగా పడుకుని నిద్రపోతోంది.

తమ్ముడి పిల్లలు దానికేదో పేరు పెట్టారు. ఆ పేరుకి అది పలకలేదు. ఇంకే పేరుకీ పలకలేదు. గుమ్మంలో బోర్లా పడుకుని, వచ్చేపోయే ప్రతివాళ్ల కాళ్లూ వాసన చూసి, ఏదీ నచ్చనట్టు మొహం పెట్టి, ఏ పనీ చెయ్యకుండా పొద్దు పుచ్చుతుంటే, ఎదురుగా తాళాలు బాగు చేసే ఆయన ఒకరోజు "ఏం అక్కా, కొత్త మేనేజర్‌ని పెట్టావా?" అన్నాడు. అప్పట్నుంచీ వాడు మేనేజర్.

మేనేజర్‌కి లోకమంతా ముక్కుతోనే తెలుస్తుంది. ముక్కు నేలకి ఆనిందంటే ఇక మిగతా అవయవాలన్నీ సెలవు తీసుకున్నట్టే. అంతంత చెవులు పెట్టుకుని పిలిస్తే వినడు, అరిస్తే చూడడు. మధ్యాహ్నం రొట్టె తుంపితే మాత్రం వెనక గదిలోంచి లేచొస్తాడు. వద్దన్న కొద్దీ మొహం ఇంకాస్త కిందికి జారవేసి అక్కడే కూర్చుంటాడు. ఆ చూపు తట్టుకోలేక ఎవరో ఒకరు ఏదో ఒకటి పడేస్తారు. తిన్న తర్వాత కృతజ్ఞత లేదు సరికదా, ఇంకొకటి లేదా అన్నట్టు చెయ్యి వాసన చూస్తాడు. మూతి పక్కన కారే చొంగ తీగలా సాగి, తల విదిలిస్తే గోడకి అంటుకుంటుంది. ఆ గోడని అక్క రోజూ తుడుస్తుంది.

"కుక్కని పెంచడం కాదిది, కారే కుళాయికి కాపలా కాయడం," అంటుంది.

అయినా రెండు వారాలు దాటాక ఆమె తమ్ముడికి ఫోన్ చేసి గట్టిగా అడగలేదు. దానికి కారణం ఇస్త్రీ బల్ల దగ్గర ఉంది.

అక్క భర్త ఆ వీధిలో అందరికీ ఇస్త్రీ బావ. మాట తక్కువ. చొక్కా కాలర్ ఎంత నిటారుగా నిలబెడతాడో, ఏడాది కిందటి దాకా తానూ అంత నిటారుగా ఉండేవాడు. అప్పుడు గుండె నొప్పి వచ్చింది. ఆసుపత్రి నుంచి పంపిస్తూ అక్కడి డాక్టరు ఒక్క విషయం మాత్రం పదే పదే చెప్పాడు. పొద్దున్నా సాయంత్రం నడవాలి, మెల్లగానే, కానీ మానకూడదు, మానితే మళ్లీ ఇక్కడే కలుస్తాం. బావ శ్రద్ధగా విన్నాడు, తలూపాడు, ఇంటికొచ్చి కిటికీ పక్క కుర్చీలో కూర్చున్నాడు.

అక్క బతిమాలింది. తిట్టింది. అలిగి అన్నం మానేసింది. కూతురి చేత ఫోన్లో ఏడిపించింది. కొత్త బూట్లు కొనిపెట్టింది. బావ ఆ బూట్లు వేసుకుని కుర్చీలో కూర్చున్నాడు.

"రేపట్నుంచి," అనేవాడు. ఆ రేపు రాకుండానే ఆయన పెదవుల రంగు మారుతూ వచ్చింది. నాలుగు చొక్కాలు ఇస్త్రీ చేసి కూలబడటం మొదలైంది.

మేనేజర్ వచ్చిన వారంలోనే ఒక సాయంత్రం తలుపు ముందు నిలబడి గొంతెత్తాడు. అది మామూలు మొరుగుడు కాదు. రేవు వదిలే ఓడ కూత పెట్టినట్టు, పొడుగ్గా, పొట్టలోంచి వచ్చే కేక. హ్యాంగర్లు కదిలాయి. ఆపలేదు.

"ఏమండీ, వాణ్ని బయటికి తీసుకెళ్లండి బాబూ. నా తల పగిలిపోతోంది," అంది అక్క, చేతులు సబ్బు నీళ్లలో ఉండగా.

బావ లేచాడు. ఏడాది తర్వాత నడవడానికి లేచాడు. ఆ సంగతి ఆయనకి తట్టలేదు గాని అక్కకి తట్టింది. పైకి ఒక్క ముక్క అనలేదు. అంటే మళ్లీ కూర్చుంటాడని భయం.

అప్పట్నుంచీ రోజుకి రెండుసార్లు. మేనేజర్ నడక నడకలా ఉండదు, ఆఫీసు తనిఖీలా ఉంటుంది. ప్రతి స్తంభం దగ్గరా ఆగాలి, ప్రతి గోడ మూలా చదవాలి, ఒక ఆకుని పట్టుకుని అందులో ఏం రాసుందో తేలేదాకా కదలడు. వేరేవాళ్లయితే విసుగెత్తి పోయేవారు. రొప్పు వచ్చే బావకి ఆ ఆగడాలు సరిగ్గా సరిపోయాయి. ఒక వీధి రెండు వీధులైంది, తర్వాత పార్కు దాకా అయింది. మేనేజర్ నడుము పొడుగు కాబట్టి మెట్లు ఎక్కి దిగితే వెన్ను పాడవుతుందని ఎవరో చెబితే, బావ పాత ఇస్త్రీ చెక్కని కొట్టు మెట్ల మీద వాలుగా వేశాడు. ఇద్దరూ దాని మీదుగానే దిగడం మొదలెట్టారు. తర్వాతిసారి ఆసుపత్రికి వెళ్తే డాక్టరు రిపోర్టు చూసి "ఏ మందు మార్చారు?" అని అడిగాడు.

"మేనేజర్ అండీ," అన్నాడు బావ. డాక్టరుకి అర్థం కాలేదు.

కాబట్టి లాండ్రీ అక్క లెక్క ఇది. కుక్క ఉంటే భర్త నడుస్తాడు, భర్త నడిస్తే ఉంటాడు. ఆ ఒక్కదానికోసం చొంగ, ముడతలు, గోడ మరకలు అన్నీ మింగింది. వాసనని మాత్రం మింగలేకపోయింది.

ఈ జాతి కుక్కలకి ఒంట్లో ఒక వాసన ఉంటుంది. తడిసిన కంబళిలో పాత తోలు చెప్పులు చుట్టి మూల పెట్టినట్టు. శుభ్రమైన బట్టల మధ్య, వేడి ఇస్త్రీ ఆవిరిలో, అది ఇంకా పైకి లేస్తుంది. అక్క తనకి తెలిసిన పని చేసింది. మేనేజర్‌ని వెనక తొట్టి దగ్గర నిలబెట్టి ఉతికింది.

చాలా జాగ్రత్తగా ఉతికిందనే చెప్పాలి. ఖరీదైన ఉన్ని బట్టలకి వాడే సబ్బు తీసింది. రెండు చెవులూ తల మీదికి ఎత్తి బట్టల క్లిప్పుతో కలిపి పట్టి, లోపల కూడా నీళ్లు పోసి రుద్దింది. ఆఖరి నీళ్లలో దుప్పట్లు మెత్తగా ఉండటానికి వేసే పువ్వుల వాసన ద్రవం ఒక మూత కలిపింది. తర్వాత జలుబు చేస్తుందని చెవులు దించి తలకి తువ్వాలు బిగించి కట్టింది. మేనేజర్ అరగంట సేపు మల్లెతోటలా ఉన్నాడు. తర్వాత బావతో నడకకి వెళ్లి, చేపల కొట్టు వెనక ఖాళీ బుట్టల్లో వెల్లకిలా పడి, నాలుగు కాళ్లూ గాల్లో ఆడిస్తూ పొర్లి వచ్చాడు.

"చూస్తూ ఊరుకున్నారా?"

"లాగాను. వాడు కదల్లేదు. బస్తాలా ఉంటాడు కదా," అన్నాడు బావ.

మళ్లీ ఉతుకు. మళ్లీ చేపల బుట్టలు. వారానికోసారి స్నానం రోజు విడిచి రోజు అయింది, తర్వాత రోజూ అయింది. ఇద్దరిలో ఎవరు మొండివాళ్లో తేలేలా లేదు.

ఇదిలా ఉండగా మేనేజర్ పగటిపూట ఊరికే అరవడం మొదలెట్టాడు. నడక కోసం కాదు, తిండి కోసం కాదు. పడుకున్నవాడు ఉలిక్కిపడి లేచి, తల ఒక పక్కకి వంచి, ఓడ కూత. ఐదు నిమిషాలు ఆగి మళ్లీ. మేడ మీద ఉండే మాస్టారిది ఆ ఇల్లు, ఆ కొట్టు. లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. భోజనం చేసి పడుకునే గంట నిద్ర తప్ప ఆయనకి లోకంలో ఇంకే వ్యసనమూ లేదు. మొదట నేల మీద కర్రతో కొట్టాడు. తర్వాత మెట్ల మీదనుంచి కేకేశాడు. చివరికి చొక్కా గుండీలు పెట్టుకుని కిందికి వచ్చాడు. ఆయన గుండీలు పెట్టుకుని వచ్చాడంటే విషయం ముదిరినట్టు.

"అమ్మాయ్, ఇన్నేళ్లలో నిన్ను ఒక్క మాట అన్నానా?"

"లేదు మాస్టారూ."

"ఇప్పుడంటున్నా. ఒకటో తారీఖున కిందికొస్తా. అప్పటికి ఈ అరుపు ఉండకూడదు. అరుపు ఉంటే కుక్క ఉండకూడదు. కుక్క ఉంటే కొట్టు ఉండకూడదు."

ఆయన చెప్పేది ఏదైనా అలా మెట్టు మెట్టుగా, కాదనడానికి సందు లేకుండా ఉంటుంది. అక్క మేనేజర్ వంక చూసింది. మేనేజర్ మాస్టారి చెప్పు వాసన చూస్తున్నాడు.

ఆ తర్వాత వీధిలో ప్రతివాళ్లూ కుక్కల పండితులైపోయారు. ఆకలై అరుస్తున్నాడని తాళాలాయన అన్నాడు. తిండి పెంచారు. మేనేజర్ లావయ్యాడు, అరుపు తగ్గలేదు. ఒంటరితనమని దర్జీ ఆవిడ అంది. రేడియో పెట్టారు. రేడియోతో పాటు అరిచాడు. ఒంట్లో వేడి చేసి ఉంటుందని అక్కకే తోచింది. స్నానాలు రోజుకి రెండు చేసింది.

ఈ గొడవలో మేనేజర్ వల్ల ఒకే ఒక్క ఉపకారం జరిగిందని ఒప్పుకోవాలి. ఉతకడానికి వచ్చిన కోట్ల జేబుల్లో తిండి ముక్క ఉంటే పట్టేసేవాడు. మూట ముందు కూర్చుని కదలడు. వెతికితే బిస్కెట్టు, చాక్లెట్టు, ఏదో ఒకటి దొరుకుతుంది. చాక్లెట్టు కుక్కలకి విషమని వినడంతో అక్క అలాంటివి లాక్కుని పారేసేది. మెషీన్లో చాక్లెట్టు కరిగి తెల్ల కోట్లు పాడైన రోజులు పోయాయి. అక్క పైకి మెచ్చుకోలేదు గాని జేబులు వెతికే పని వాడికే వదిలేసింది. అదే పొరపాటైంది. పెద్ద హోటల్లో వడ్డించే ఆయన కోటు జేబులో ఒకరోజు నల్లటి బో టై ఉండిపోయింది. దానికి వెన్న అంటింది. అక్క వెనక్కి తిరిగి చూసేసరికి మేనేజర్ నోట్లో ఒక కొస మాత్రం కనిపించింది. మరుక్షణం అదీ లేదు.

"ఏమండీ! హోటలాయన టై మింగేశాడు!"

"నిజంగా మింగాడా, దాచాడా?"

"వీడు దాచుకునే రకమా? చేతికందింది రేపటికి ఉంచుకోవడం వీడి వంశంలో ఉందా?"

అలా పశువుల ఆసుపత్రికి వెళ్లారు. మేనేజర్‌ని ఆటోలోకి ఎక్కించడానికి ఇస్త్రీ చెక్క తీసుకెళ్లాల్సి వచ్చింది. అక్కడి డాక్టరమ్మ చిన్నపిల్ల, ముఖంలో మాత్రం ముప్పై ఏళ్ల విసుగు ఉంది. పొట్ట నొక్కి చూసింది, ఎక్స్‌రే తీయించింది, భయం లేదు, దానంతట అదే బయటికి వస్తుంది, రెండు రోజులు కనిపెట్టి ఉండండి అంది.

"టై వచ్చేస్తుందా డాక్టరమ్మా?"

"వస్తుంది. ఎవరూ కట్టుకోరు."

"ఉతికితే?"

డాక్టరమ్మ తలెత్తి అక్కని చూసింది. మేనేజర్ మొహం పట్టుకుని మామూలుగా ఒక చెవి ఎత్తింది. ఎత్తి, తన మొహం పక్కకి తిప్పుకుంది. రెండో చెవి ఎత్తింది. మేనేజర్ ఆసుపత్రి అదిరేలా కూత పెట్టాడు.

"ఇలా ఎన్నాళ్లుగా అరుస్తున్నాడు?"

"నెలై ఉంటుంది. రోజంతా ఇదే పాట. దీనికే కదమ్మా మా మాస్టారు కొట్టు ఖాళీ చెయ్యమంటున్నది."

"ఇది పాట కాదు, నొప్పి. లోపలంతా పుండు పడింది. ఎన్నాళ్లకోసారి స్నానం చేయిస్తారు?"

ఇలాంటి ప్రశ్న కోసమే అక్క ఎదురు చూస్తోంది. "ఆ విషయంలో వంక పెట్టడానికి లేదు డాక్టరమ్మా. రోజుకి రెండుసార్లు. ఉన్ని సబ్బు. చెవుల్లో కూడా రుద్దుతాను. ఆఖర్న దుప్పట్ల సువాసన నీళ్లు. తల ఆరకముందే తువ్వాలు బిగించి కడతాను."

డాక్టరమ్మ చేతిలో ఉన్న చెవిని మెల్లగా కిందికి దించింది.

"అమ్మా," అంది డాక్టరమ్మ, ఒక్కో మాటా వత్తి పలుకుతూ, "వీడు దుప్పటి కాదు. వీడి ఒంటి మీద జిడ్డు ఉంటుంది, అది వీడి కోటు. దాన్ని మీరు రోజూ తీసేస్తున్నారు. చెవులు ఇలా మూసుకుని వేలాడతాయి కాబట్టి లోపలికి గాలి పోదు. అందులో మీరు నీళ్లు పోసి, సబ్బు పోసి, పైన తువ్వాలు కట్టి మూత పెడుతున్నారు. కుళ్లకేం చేస్తుంది?"

"మరి కంపు కొడుతున్నాడు కదా!"

"వాసన పట్టి వేటాడే కుక్క. ఆ వాసనలోనే వాడి బతుకు. మీరు పువ్వుల వాసన పూస్తే వాడికి నచ్చక పోయి పొర్లుతున్నాడు. వాడు పొర్లుతున్నాడని మీరు ఉతుకుతున్నారు."

బావ నవ్వాడు. ఇంట్లో ఆయన నవ్వు విని చాలా రోజులైంది. అక్క ఆయన్ని కళ్లతోనే కాల్చింది.

డాక్టరమ్మ ఆజ్ఞలు జారీ చేసింది. తాను చెప్పేదాకా ఒంటి మీద చుక్క నీళ్లు పడకూడదు. చెవుల్లో మందు వేసి, దూదితో పైపైన తుడిచి, రెండు చెవులూ కాసేపు తెరిచిపెట్టి గాలి తగలనివ్వాలి. మడతల మధ్య పొడిబట్టతో అద్దాలి. తిండి సగానికి తగ్గించాలి, ఈ బరువుకి ఆ నడుము విరుగుతుంది. కుర్చీల మీదనుంచి దూకనివ్వొద్దు.

"నడక?" అని అడిగాడు బావ. అంతసేపట్లో ఆయన అడిగింది అదొక్కటే.

"నడక మానొద్దు. గుర్రాల మీద పోయేవాళ్ల వెనక పరిగెత్తే రకం కాదండీ ఇది. వేటకి కాలినడకన వెళ్లే మనుషుల కోసం పొట్టి కాళ్లతో తయారుచేసిన జాతి. మీ అడుగుకి ఆగుతుంది."

బావ తలూపాడు. ఈసారి తలూపడంలో ఒప్పుకోలు ఉంది.

ఆ తర్వాతి రోజులు లాండ్రీ అక్క జీవితంలోకెల్లా దుర్దినాలు. మందు వేయడం కష్టం కాదు. పట్టుచీర మీద నూనె మరక తీసిన చేతులవి. మేనేజర్ చెవి తెరిచి, చుక్కలు వేసి, ఒత్తకుండా దూదితో అద్దడం చూస్తే ఆసుపత్రివాళ్లు కూడా అలా చెయ్యరనిపించేది. తిట్లు మాత్రం ఆగేవి కాదు. "ఇటు తిరుగు వెధవా. ఎవరి కోసం చేస్తున్నాననుకున్నావ్? నీ కోసమా? నీ మొహానికా?" మేనేజర్ నిట్టూర్చేవాడు. మందు వేశాక రెండు చెవులూ వెనక్కి మడిచి క్లిప్పు పెట్టేది. అలా నెత్తిన చెవులతో కొట్టు గుమ్మంలో కూర్చుంటే ముసలి ప్రిన్సిపాలమ్మ కొప్పు పెట్టుకున్నట్టు ఉండేవాడు.

కష్టమంతా వాసనతోనే. ఉతక్కూడదు. ఉతకడం కళ్ల ముందు ఉంది, తొట్టి ఉంది, నీళ్లున్నాయి, సబ్బుంది, మురికి కుక్క ఉంది, కానీ ఉతక్కూడదు. అక్క నిద్రలో చేతులు రుద్దుకుంటోందని బావ తాళాలాయనతో చెప్పాడు. కుక్క మీద తీర్చుకోలేని కసి ఇల్లంతటి మీదా తీర్చుకుంది. కిటికీ తెరలు వారంలో మూడుసార్లు ఉతికింది. తాళాలాయన టోపీ రంగు వెలిసిపోయింది.

అరుపు వెంటనే తగ్గలేదు. పై నుంచి కర్ర చప్పుడు వస్తూనే ఉంది. తర్వాత కొద్దిగా తగ్గింది. మేనేజర్ నిద్రలోంచి ఉలిక్కిపడటం మానేశాడు. అప్పుడే తమ్ముడు ఫోన్ చేశాడు.

"అక్కా, నీకో శుభవార్త. మా ఆఫీసాయన స్నేహితుడికి తోట ఉందట. కుక్క కావాలట. రేపే వచ్చి తీసుకెళ్తాడు. నీకు పీడ వదిలిపోతుంది."

"ఆయనకి చెవిలో మందు వెయ్యడం వచ్చా?"

"ఏం మందు?"

"అదే, నీకు తెలీదు కదా. రెండు వారాలని వదిలేసి పోయావ్, కుక్కకి చెవులున్నాయో లేవో కూడా అడగలేదు. మందు సగంలో ఉంది. మధ్యలో వదిలేస్తే మళ్లీ మొదటికొస్తుంది. మీ బావ నడక ఎవరితో నడుస్తాడు, నీతోనా?"

"అది కాదక్కా, నువ్వే కదా రోజూ విసుక్కుంటున్నావ్..."

"విసుక్కుంటా. నా కుక్క, నా విసుగు. ఫోన్ పెట్టు."

ఫోన్ పెట్టేశాక 'నా కుక్క' అన్నానేమిటని ఆమెకే చిరాకేసింది.

ఒకటో తారీఖుకి ముందు రోజు హోటలాయన కోటు తీసుకోవడానికి వచ్చాడు. టై పోయినా ఏమీ అనని మంచిమనిషి. కోటు చేతిలోకి తీసుకుని, అలవాటుగా ముక్కు దగ్గర పెట్టుకుని, ఆగాడు.

"అక్కా, ఏమనుకోకు. కోటు కొంచెం... కుక్క వాసన."

అంతే. ఇన్నేళ్లలో ఆ కొట్టు బట్ట మీద ఎవరూ అనని మాట అది. అక్క కోటు లాక్కుని మళ్లీ తొట్టిలో పడేసింది. హోటలాయన వెళ్లాక మేనేజర్ మెడపట్టీ పట్టుకుని వెనక్కి లాక్కుపోయింది. వాడు నేలకి అతుక్కున్నాడు, గోళ్లు గీసుకుంటున్నా లాగింది. గొట్టం అందుకుంది. ఉన్ని సబ్బు డబ్బా మూత పంటితో తీసింది.

బావ ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"పొయ్యకు."

"ఒక్కసారే. చెవులు తడవకుండా పోస్తా."

"ఆవిడ వద్దంది."

"ఆవిడకేం, ఆసుపత్రిలో కూర్చుని ఎన్నైనా చెబుతుంది. కొట్టు నడిపేది నేను! కుక్క వాసనట. నా చేతి బట్టకి! రేపు మాస్టారు కిందికొచ్చి కుక్క అరవకపోయినా ఈ కంపుకే వెళ్లగొడతాడు. తప్పుకోండి."

బావ తప్పుకోలేదు. ఆయన ఇంట్లో ఎప్పుడూ గొంతు పెంచలేదు, ఆ రోజూ పెంచలేదు.

"నువ్వు నీళ్లు పోస్తే చెవి మళ్లీ కుళ్లుతుంది. కుళ్లితే అరుస్తాడు. అరిస్తే మాస్టారు పంపించేస్తాడు. వాడు పోతే నేను కుర్చీలో కూర్చుంటా. ఇక లేవను. నువ్వు ఏడ్చినా లేవను."

"బెదిరిస్తున్నారా?"

"అవును."

గొట్టంలోంచి నీళ్లు అక్క కాళ్ల మీద పడుతున్నాయి. మేనేజర్ ఆ నీళ్లు తాగుతున్నాడు. ఆమె ఒకసారి వాణ్ని చూసింది, ఒకసారి మొగుణ్ని చూసింది. తర్వాత గొట్టం తొట్టిలో పడేసి, కుళాయి కట్టేసి, "మొగుడూ కుక్కా ఒక్కటయ్యారు," అంటూ పొడిబట్ట తెచ్చి మేనేజర్ మెడ మడతలు ఒక్కొక్కటిగా అద్దింది. ఆ సాయంత్రం కుక్క పరుపు తీసుకెళ్లి వెనక గదికి మార్చి, ఉతికిన బట్టలన్నీ ముందు గదికి చేర్చి, మధ్య తలుపు మూసింది. అదేదో మొదట్లోనే చెయ్యాల్సిన పని. అప్పుడు ఉతకడం తప్ప ఇంకో దారి ఆమెకి తోచలేదు.

మర్నాడు మధ్యాహ్నం, నిద్ర లేచిన తర్వాత, మాస్టారు గుండీలు పెట్టుకుని కిందికి వచ్చాడు. అక్క కుర్చీ వేసింది. బావ ఇస్త్రీ ఆపి నిలబడ్డాడు. వెనక గది తలుపు తోసుకుని ముక్కు మొదట, తర్వాత మిగతా మేనేజర్ బయటికి వచ్చి, నేరుగా మాస్టారి దగ్గరికి నడిచి, ఆయన మోకాలి మీద గడ్డం ఆనించాడు.

"ఈ వారమంతా పడుకున్నాను," అన్నాడు మాస్టారు, అదేదో ఫిర్యాదులా.

"మంచిది మాస్టారూ."

"అరుపు తగ్గింది. అది ఒప్పుకుంటా." ఆయన ముక్కు ఎగబీల్చాడు. "కానీ ఇదేంటమ్మాయ్? ఏదో కంపు."

"కుక్క."

"స్నానం చేయించవా?"

బావ గొంతు సవరించుకున్నాడు. లాండ్రీ అక్క ఆయన వంక చూడకుండా, పళ్లు బిగించి, జీవితంలో మొదటిసారి ఆ మాట అంది.

"చేయించను. ఉతక్కూడదు. అరుపా వాసనా, ఏదో ఒకటి ఎంచుకోండి మాస్టారూ. రెండూ లేని కుక్క కావాలంటే బొమ్మల కొట్టులో దొరుకుతుంది."

మాస్టారు లెక్క వేసుకున్నాడు. "వాసన మేడ మీదికి రాదు కదా?"

"అది కూడా వీడి లాంటిదే. మెట్లెక్కలేదు."

"సరే. ఉండనీ. మళ్లీ అరుపు వినిపిస్తే మాత్రం..."

ఆ మాట పూర్తి కాకముందే మేనేజర్ ఆయన మోకాలి మీదనుంచి తలెత్తి, వీధి వైపు తిరిగి, ఒక్క కూత పెట్టాడు. పొడుగ్గా, నిండుగా. హ్యాంగర్లు కదిలాయి. మాస్టారు కుర్చీలోంచి సగం లేచాడు.

"ఇదిగో! అరిచాడు! ఇప్పుడే కదా చెప్పా!"

"అది నొప్పి అరుపు కాదండీ, నడక అరుపు. అది మా ఆయనకి. మీ నిద్ర అయ్యాకే కదా అరిచింది?"

మాస్టారు గోడ గడియారం చూశాడు. కాదనడానికి సందు వెతికాడు. దొరకలేదు. ఈలోపు బావ బూట్లు వేసుకుని, గొలుసు తీసుకుని, ఇస్త్రీ చెక్క మీదుగా దిగుతున్నాడు. ముందు మేనేజర్, ముక్కు నేలకి ఆనించి. మొదటి స్తంభం దగ్గరే ఇద్దరూ ఆగారు.

మాస్టారు లేచి నిలబడి తన కాళ్ల వంక చూసుకున్నాడు. కుడి మోకాలి మీద అరచేయంత మేర చొంగ మరక, కింద దాకా జారింది.

అక్క కూడా దాన్ని చూసింది. ఇన్ని రోజులుగా కుక్క మీద పడకుండా ఆపుకున్న ఆమె చేతులు వాటంతట అవే ముందుకొచ్చాయి.

"ఆ ప్యాంటు విప్పి పంపించండి మాస్టారూ," అంది. "ఇప్పుడే. ఆరితే పోదు."